కౌన్సిల్ సంరక్షణలోని పిల్లల చదువు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో సొంత ఇంట క్షేమంగా పెరిగే వీలులేని పిల్లల బాధ్యతను 1989 నాటి బాలల చట్టం కింద కౌన్సిల్, అంటే స్థానిక పాలనా సంస్థ, స్వీకరించి, వారిని పెంపుడు కుటుంబాల్లోనో, బంధువుల ఇళ్లలోనో, సంరక్షణ గృహాల్లోనో ఉంచుతుంది. 2024 మార్చి నాటికి ఇలాంటి పిల్లలు 83 వేల పైచిలుకు ఉండగా, వీరి చదువు గురించి పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని వీరికే చేటు తెస్తున్నాయి.

అపోహ: సంరక్షణలోకి వెళ్లడం వల్లనే చదువు చెడిపోతుంది.

పదహారో ఏట రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో ఈ పిల్లల ఫలితాలు తోటివారికంటే బాగా తక్కువగా ఉండటంతో ఈ అభిప్రాయం బలపడింది. అయితే 2015లో ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు విద్యా రికార్డులనూ సంరక్షణ రికార్డులనూ జోడించి పరిశీలించగా, దీర్ఘకాలం సంరక్షణలో ఉన్నవారు, సామాజిక కార్యకర్తల సాయం అందుతున్నా సొంత ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలకంటే మెరుగ్గా రాణించినట్లు తేలింది. అసలు నష్టం తరచు మారడంలో ఉంది: పదకొండేళ్లు దాటాక ఉంటున్న ఇల్లు మారిన ప్రతిసారీ ఫలితం గ్రేడులో మూడో వంతు మేర తగ్గగా, పరీక్షలకు ముందు రెండేళ్లలో బడి మారినవారు ఐదు గ్రేడులకు పైగా వెనకబడ్డారు. పరీక్షలు నిర్వహించే బోర్డులు వేరువేరు కనుక, ఒక బడిలో సగం చదివిన నాటకం మరో బడిలో పాఠ్యాంశమే కాకపోవచ్చు. అందుచేత పదిహేనేళ్ల పిల్లను ఖాళీ దొరికిందని దూరపు ఊరికి పంపడం వసతి ఏర్పాటు మాత్రమేనని ఏ అధికారీ అనుకోకూడదు.

అపోహ: వీరు తప్పుచేసి వచ్చినవారు, చదువు అబ్బనివారు.

దాదాపు మూడింట రెండు వంతుల మంది సంరక్షణలోకి రావడానికి ప్రధాన కారణం ఇంట్లో ఎదురైన హింస లేదా నిర్లక్ష్యం. సగానికి పైగా పిల్లలకు ప్రత్యేక విద్యావసరాలు, అంటే మాటలోనో నేర్చుకోవడంలోనో భావోద్వేగాల్లోనో అదనపు తోడ్పాటు కావలసిన స్థితి, ఉన్నాయి. దాన్ని మొండితనంగా లెక్కగట్టడం అన్యాయం.

అపోహ: డబ్బు, పుస్తకాలు సమకూర్చితే సరిపోతుంది.

2014 నాటి చట్టం ప్రతి కౌన్సిల్‌లోనూ 'వర్చువల్ స్కూల్ హెడ్' అనే అధికారిని తప్పనిసరి చేసింది. ఏయే బడుల్లో చదువుతున్నా తమ కౌన్సిల్ పిల్లలందరినీ ఒకే బడి విద్యార్థులుగా చూసుకుంటూ, ప్రతి ఒక్కరి వ్యక్తిగత విద్యా ప్రణాళికనూ టర్ముకొకసారి సమీక్షింపజేస్తూ, తలకు ఏటా రెండు వేల పౌండ్లు దాటే 'ప్యూపిల్ ప్రీమియం ప్లస్' నిధిని ఆ ప్రణాళిక ప్రకారం ఖర్చు చేయించడం వీరి పని. ప్రణాళికలో 'లెక్కలు మెరుగుపడాలి' అని రాసి వదిలేస్తే ఆ డబ్బు వృథా. భిన్నాల దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి ఎవరు, వారానికి ఎన్ని గంటలు చెబుతారో అందులో ఉండాలి. పెంపుడు కుటుంబాల్లోని పిల్లల పేరిటే పుస్తకాల పొట్లాలు పంపే లెటర్‌బాక్స్ క్లబ్‌ను ఉత్తర ఐర్లండ్‌లో శాస్త్రీయంగా పరీక్షించినప్పుడు చదివే నైపుణ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పెంచే పెద్దలకు ఆ కార్యక్రమంలో నేరుగా పాత్ర లేకపోవడం ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.