ఇంట్లో వాక్యం, చేతిలో మందు



అంబర్‌పేట్‌లోని మా ఇంట్లో ప్రతి గురువారం సాయంత్రం ఏడు గంటలకు ఐదారు కుటుంబాల వాళ్లం చాపలు పరుచుకుని బైబిలు చదువుకుంటాం. ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన, ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు, తార్నాక నుంచి బస్సులో వచ్చే ఒక ఆంటీ, మా వీధి వాళ్లు కొందరు. "సిస్టర్ గారూ, మా ఇంట్లో కూడా ఇలా పెట్టుకోవాలంటే ఏం చేయాలి?" అని ఓపీలో కొందరు అడిగారు. నాకు తెలిసింది చెబుతాను. నేను చేసిన ఒక పొరపాటు కూడా చెబుతాను.

ఇది కొత్త పద్ధతి కాదు

తొలి క్రైస్తవులకు గుడులు లేవు. ఫిలిప్పీలో లిదియా ఇల్లు, రోములో ప్రిస్కా, అక్విలా దంపతుల ఇల్లు, ఇవే వారికి దేవాలయాలు. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న దైవవాక్కు గురించి వెలువరించిన పత్రంలో, విశ్వాసులందరూ బైబిలును తరచుగా చదవాలని కోరింది. 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో సమావేశమైన ఆసియా పీఠాధిపతులు, విచారణ అంటే చిన్న చిన్న సంఘాల కూటమిగా ఉండాలని సూచించారు. అందుచేత ఇంట్లో నలుగురు కూడడం అంటే గుడికి దూరం కావడం కాదు. ఆదివారం పూజకు సిద్ధపడడమే.

మొదలుపెట్టే ముందు

మొదట విచారణ గురువులకు చెప్పండి. వారి ఆశీర్వాదంతో మొదలుపెడితే తరువాత అపార్థాలు రావు. మనకు జవాబు తెలియని ప్రశ్నలు ఒక నోటు పుస్తకంలో రాసుకుని వారినే అడగవచ్చు. తోచిన జవాబు చెప్పడం కంటే "నాకు తెలియదు, అడిగి చెబుతాను" అనడం మేలు.

ఎనిమిది, పది మంది చాలు. అంతకు మించితే మొహమాటస్తులు నోరు విప్పరు. ఒక గంటలో ముగించండి. టీ, రెండు బిస్కట్లు చాలు. ఒక ఇంట్లో బజ్జీలు పెడితే పక్క వారం ఇంకో ఇంట్లో పులిహోర చేయాలి, ఆ పై వారం లేనివాళ్లు రావడం మానేస్తారు. చందాలు అసలే వద్దు.

బైబిలు కతోలిక ప్రచురణ అయి ఉండాలి. మన బైబిలులో 73 గ్రంథాలు ఉంటాయి. చాలామంది ఇళ్లలో ఉండేది 66 గ్రంథాల ప్రతి. అది ఉన్నవారిని చిన్నబుచ్చకండి, పక్కవారితో కలిసి చూసుకోమనండి.

ఏం చదవాలి? రాబోయే ఆదివారం సువిశేష పఠనం తీసుకోవడం అన్నిటికంటే సులువు. పూజలో ఒక ఏడాది మత్తయి, మరో ఏడాది మార్కు, మూడో ఏడాది లూకా సువిశేషాలు ప్రధానంగా వస్తాయి. మూడేళ్లు క్రమంగా చదివితే మూడూ చాలావరకు పూర్తవుతాయి. కొంత అలవాటైన తరువాత 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశాన్ని కొద్దికొద్దిగా చదవవచ్చు. అందులో నాలుగు భాగాలు: విశ్వాసం, దివ్యసంస్కారాలు, క్రీస్తులో జీవితం, ప్రార్థన.

ఏడు మెట్లు

దక్షిణాఫ్రికాలోని లుంకో సంస్థ రూపొందించిన ఏడు మెట్ల పద్ధతిని మేము పాటిస్తాం. దీనికి పండితులు అక్కరలేదు.

1. చిన్న ప్రార్థనతో ప్రభువును ఆహ్వానించాలి.
2. ఒకరు వాక్యభాగాన్ని బిగ్గరగా చదవాలి.
3. మనసుకు తగిలిన మాటను ఎవరికి వారు మెల్లగా మూడుసార్లు పలకాలి.
4. కొన్ని నిమిషాలు మౌనంగా ఉండాలి.
5. ఆ మాట తనకెందుకు తగిలిందో చెప్పాలి. ఇతరులకు ప్రసంగం చేయకూడదు.
6. ఈ వారం అందరం కలిసి చేయదగిన ఒక పని నిర్ణయించుకోవాలి.
7. సొంత మాటల్లో ప్రార్థించి ముగించాలి.

ఆరో మెట్టు దాటవేయకండి. ఒంటరిగా ఉన్న ముసలమ్మకు మందులు తెచ్చిపెట్టడం, పరీక్ష ఫీజుకు ఇబ్బంది పడే పిల్లవాడికి దారి చూపడం, ఇలాంటి పనుల్లోనే చదివిన వాక్యం నిలుస్తుంది.

నా పొరపాటు

మొదటి సంవత్సరంలో ఒక రోజు, మాలో షుగరు ఉన్న ఒకావిడ ఐదో మెట్టులో, "ప్రార్థనతో నాకు తగ్గిపోయిందమ్మా, మాత్రలు మానేశాను" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఇన్నేళ్లు నర్సుగా పనిచేసినదాన్ని, ఆమె సంతోషం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. బయటికి వెళ్లేటప్పుడు పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను, ఆ మాటా మరిచిపోయాను.

రెండు నెలల తరువాత కాలి పుండుతో ఆమె ఆసుపత్రిలో చేరింది. ఒక వేలు తీసేయవలసి వచ్చింది. డ్రెస్సింగు మారుస్తుంటే ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆమె తిరిగి వచ్చిన గురువారం మేము సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తెరిచాం. కతోలిక బైబిలులో ఉండే గ్రంథమిది. వైద్యుణ్ణి దేవుడే సృష్టించాడనీ, మందులను నేల నుండి పుట్టించిందీ ఆయనేననీ, జబ్బు చేసినవాడు ముందు ప్రార్థించి తరువాత వైద్యునికి చోటివ్వాలనీ అందులో ఉంది. ఆవిడే చదివి వినిపించింది. చదవడం అయ్యాక సంచిలోంచి మాత్రల డబ్బా తీసి బైబిలు పక్కన పెట్టింది. ఆ రోజు మూడో మెట్టులో ఎవరికీ మాట రాలేదు.

నర్సుగా నాలుగు మాటలు

• ప్రార్థన చేయించుకున్నామని బీపీ, షుగరు, టీబీ, ఫిట్స్ మందులు డాక్టరు చెప్పకుండా మానవద్దు. ఎవరైనా మానేశానంటే ఆ రోజే ప్రేమగా చెప్పండి, నాలాగా వాయిదా వేయకండి.
• ఎవరి జబ్బు గురించైనా ప్రార్థన అడగాలంటే ముందు వారి అనుమతి తీసుకోండి. ప్రార్థన పేరుతో గుట్టు వీధిన పడకూడదు. ఇంట్లో విన్నది ఇంట్లోనే ఉండాలి.
• షుగరు ఉన్నవారి భోజనం వేళ తప్పకుండా ఎనిమిదికల్లా ముగించండి.
• కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గు, జ్వరం ఉన్నవారు ఆ వారం ఇంట్లోనే విశ్రాంతి తీసుకోవాలి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలి.

ఆవిడ ఇప్పటికీ ప్రతి గురువారం వస్తుంది, కొంచెం కుంటుకుంటూ. మందు వేసుకున్నావా అని నేను అడిగే లోపే, "వేసుకున్నాను సిస్టరమ్మా, చాప వేయండి" అంటుంది.

మీ ఇంట్లోనూ ఒక చాప పరవండి. ప్రభువు మిమ్మల్ని, మీ కుటుంబాలను దీవించునుగాక.