షేక్: ఒక బిరుదు ఇంటిపేరైన వైనం

మా బడి హాజరుపట్టీలో ప్రతి ఏడూ పది పదిహేను పేర్ల ముందు "షేక్" వుంటుంది. చోటు చాలనప్పుడు మేము "ఎస్‌కె" అని రెండక్షరాలు గీకి వూరుకుంటాం. తెలుగు ఎం.ఏ. చదివి బోధన్ ప్రాంతంలో పాఠాలు చెప్పుకుంటున్న నేను చాలాకాలం దీన్ని ఇంటిపేరే అనుకున్నాను. కాని ఒకే ఇంటిపేరువాళ్లు మనలో వియ్యమందుకోరు గదా! షేక్ పిల్లకూ షేక్ పిల్లవాడికీ నిక్షేపంగా నిఖా జరుగుతుంది. అంటే ఇది వంశాన్ని చెప్పే పేరు కాదు. మరి దేన్ని చెబుతుంది?

అరబ్బీలో ఈ మాటకు మొదటి అర్థం ముసలివాడు. ఖురానులోని మూసా ప్రవక్త కథలో, మద్యన్ నీటి రేవు దగ్గర మందలతో ఆగిపోయిన ఇద్దరు ఆడపిల్లలు తమ తండ్రి వృద్ధుడని చెప్పుకునేచోట వున్నది ఈ మాటే. మందకు నీళ్లు పెట్టే ఓపిక లేని ముసలితనం - యింత ఘనమైన బిరుదుకు మూలం అది! తెగల సమాజంలో వయసే అధికారం గనుక ముసలివాడు తెగపెద్ద అయ్యాడు. తరువాత విద్య నేర్పే గురువూ, సూఫీ మార్గదర్శీ ఆ పేరుతోనే పిలవబడ్డారు. మన "పెద్ద" అనే మాట వయసు నుంచి "పెద్దమనిషి" దాకా నడిచిన దారి కూడా యిలాంటిదే.

భారతదేశంలో ఈ బిరుదుకు వేరే పని పడింది. యిక్కడి ముస్లిం కులీనులు తమను సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అని నాలుగు తెగలుగా చెప్పుకున్నారు. సయ్యద్ అంటే ప్రవక్త సంతతి. మొగల్, పఠాన్‌లది మధ్యాసియా, ఆఫ్ఘన్ మూలం. మిగిలిన అరబ్బు సంతతి షేక్. సయ్యద్‌ననే వాణ్ణి వంశవృక్షం చూపమంటారు. షేక్‌నంటే అంత నిలదీసేవాళ్లు లేరు. మతం మారిన చేతివృత్తులవాళ్లు చాలామంది ఈ తలుపు గుండానే లోపలికి వచ్చారు. "పోయినేడు సాలెవాణ్ణి, ఈ ఏడు షేకును, ధరలు పెరిగితే వచ్చే ఏడు సయ్యద్‌ను" అని ఉత్తరాదిలో ఒక సామెత వుంది. వెక్కిరింత పైకులాలదే. అయినా గింజల ధరకూ బిరుదుకూ వున్న లంకెను వెక్కిరించినవాడే బయటపెట్టుకున్నాడు.

తెలుగునాట యింకో సౌకర్యం కలిసి వచ్చింది. బిరుదు పేరుకు ముందు వస్తుంది. మన ఇంటిపేరూ ముందే వస్తుంది. ఖాళీగా వున్న గూట్లో బిరుదు వచ్చి కూర్చున్నది.

నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగి, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడ్డాక, బోధన్ పక్కన శక్కర్‌నగర్ వెలిసింది. (ఆ "శక్కర్" కూడా పారశీకం చుట్టివచ్చిన మన శర్కరే.) 2015లో మూతపడ్డ ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక వృద్ధుణ్ణి అడిగాను: "చాచా, మీరు షేక్‌లు ఎట్లయిన్రు?" ఆయన నవ్వాడు. "మా తాత దూది ఏకెటోడు సార్. కూలిపట్టీల పేరు రాసెటప్పుడు పింజారి అంటే నలుగురు నవ్వుతరని షేక్ అన్నడు. గంతే."

గంతే! కాని ప్రభుత్వ కాగితాల్లో అది అంతటితో ఆగలేదు. 1970 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, పింజారి "బి" గ్రూపులో వున్నారు. 2007 చట్టం ముస్లింలలోని వెనుకబడిన తెగలకు "ఇ" గ్రూపు కింద నాలుగు శాతం కేటాయించినప్పుడు ఆ పట్టికలో "షేక్" చేరింది; సయ్యద్, మొగల్, పఠాన్‌లను మినహాయించారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, అదే ఏడు సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ కొనసాగింది. కులీనత కోసం తొడుక్కున్న చొక్కాయే వెనుకబాటుకు రుజువయింది. ఆ చాచా మనుమడు ఏ గడి నింపాలి? తాత వృత్తి చెబితే ఒక గ్రూపు, తాత చెప్పుకున్న పేరు చెబితే యింకొక గ్రూపు. ఇది భాషాశాస్త్ర సమస్య కాదు, కాలేజీ సీటు సమస్య.

ఈ సంగతి రచయితలమైన మనకెందుకంటే, పేరు కింద దాగిన పనిని చూడవలసినవాళ్లం మనమే గనుక. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ దూదేకుల కుటుంబంలో పుట్టాడు. ఆయన ఆత్మకథ పేరు "పింజారి". తెలుగువాళ్లు తిట్టుగా వాడే మాటను అట్ట మీదికెక్కించిన సాహసం అది. కామారెడ్డిగూడెంలో విసునూరు దేశముఖ్‌కు ఎదురునిలిచి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ పేద రైతు. ఆయన జీవితమే "మా భూమి" నాటకానికి ప్రేరణ అయింది. ఈ యిద్దరి పేర్ల ముందూ వున్నది ఒకే బిరుదు. దాని వెనుక ఏకిన దూదీ, దున్నిన నేలా వున్నాయి.

మన కథల్లో మాత్రం తరచుగా వుండేది ఒట్టి "సాయిబు". అదీ అరబ్బీ గౌరవవాచకమే: సాహిబ్, అంటే సహచరుడు, యజమాని. గుర్రబ్బండి తోలేవాడూ మనకు సాయిబే.

చాలా ఏళ్ల కిందట ఒక కథను మతసామరస్యానికి నమూనా అని మెచ్చుకుంటూ నేను సమీక్ష రాశాను. ఈ మధ్య ఆ కథ మళ్లీ చదివాను. అందులో సాయిబుకు పేరు లేదు. ఏ పని చేసి బతుకుతున్నాడో ఎక్కడా లేదు. సమీక్షలో నేను అడగనూ లేదు.