ఒంటిపూట బడి, మండే పైకప్పు

ప్రభుత్వ బడుల్లో ఏసీలు ఎందుకు పెట్టరని ఈ ఎండల్లో చాలామంది తల్లులు అడుగుతున్నారు. మన ప్రభుత్వం ఎండను ఎదుర్కొనేది ముఖ్యంగా గడియారంతోనే. 2025లో మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు నడిచాయి, ఉదయం 8 నుంచి 12.30 వరకు. ఏప్రిల్ 24న సెలవులు మొదలయ్యాయి.

నిజామాబాద్‌లో ఏప్రిల్‌లోనే 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇది మంచి ఏర్పాటే. కానీ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కూలికి పోయే తల్లిదండ్రులు బడి విడిచే వేళకు ఇంట్లో ఉండరు. బోధన్ పల్లెల్లో అన్నం తిన్న పిల్లవాడు నడినెత్తిన ఎండతో ఒక్కడే ఇల్లు చేరాలి. గదిలో తప్పిన ఎండ దారిలో పట్టుకుంటుంది.

ఏసీ అంటే మిషను ఒక్కటే కాదు. పాత వైరింగు ఆ భారం మోయాలి, కరెంటు పోకూడదు. ప్రైవేటు బడుల్లో ఆ ఖర్చు తల్లిదండ్రులదేనని 2024 మేలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఇక్కడ 2024 సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ప్రకటించారు. బిల్లు భయం లేకుండా ఫ్యాన్లయినా తిరుగుతాయి.

నాకు ఎక్కువ ఆశ పైకప్పు మీదే. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. స్లాబు మీద తెల్లపూత వేస్తే ఎండ వెనక్కి మళ్లుతుంది, కింది గదిలో కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. కరెంటు పోయినా అది పనిచేస్తుంది.

మే నెలలో రేకుల కింద వి.బి.ఎస్. పెట్టే సంఘాలూ ఈ పూత వేయించవచ్చు. అంతవరకు ఉదయం 7కు మొదలుపెట్టి 10 లోపే పిల్లలను ఇంటికి పంపండి.