కంటికి కనిపించిన కొప్పు ఫోటోలో ఏమైంది?

మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే ఒకసారి తీసి చూడండి. 1970, 80 సంవత్సరాల నాటి నలుపు తెలుపు ఫోటోలుంటే మరీ మంచిది. స్టూడియోలో తీయించుకున్నవి చక్కగానే ఉంటాయి. ఇంటి వసారాలో చుట్టాలెవరో తీసిన వాటిలో మాత్రం ఒక వింత కనిపిస్తుంది. అవ్వ ముఖం నుదుటి దాకా ఉంటుంది, పైన కొప్పు ఉండదు. కింద మాత్రం ఎవరికీ అక్కరలేని చాప అంచు పడి ఉంటుంది.

తీసినవారికి చేతకాలేదని మనం నవ్వుకుంటాం. కాని వారు కెమెరా కిటికీలోంచి చూసినప్పుడు కొప్పు నిక్షేపంగా కనిపించే ఉంటుంది. అప్పట్లో ఒక రోలుకు 12 ఫోటోలే వచ్చేవి. అవన్నీ అయ్యాక తంబళ్లపల్లె నుంచి మదనపల్లెకు పంపి కడిగించి తెప్పించుకుంటే గాని ఏది వచ్చిందో, ఏది పోయిందో తెలిసేది కాదు. ఎందరో అవ్వలకు జన్మలో అదొక్కటే ఫోటో. కాబట్టి ఆ కొప్పు ఎక్కడికి పోయిందో తెలుసుకోవడం అంత చిన్న విషయమేమీ కాదు.

ఆ రోజుల్లో మన దేశంలో చాలామంది చేతుల్లో కనిపించిన కెమెరా అగ్ఫా క్లిక్-3. బరోడాలో తయారయ్యేది. దాని ముందు భాగం చూస్తే రెండు కళ్ళుంటాయి. ఒకటి కటకం. ఫిల్ము మీద ప్రతిబింబాన్ని ఏర్పరిచేది ఇదే. రెండోది దాని పైన ఉండే చిన్న గాజు కిటికీ. దీన్నే వ్యూఫైండర్ అంటాం. మన కన్ను ఆ కిటికీలోంచి చూస్తుంది, ఫిల్ము కటకంలోంచి చూస్తుంది. అంటే ఒకే దృశ్యాన్ని ఇద్దరు రెండు చోట్ల నుంచి చూస్తున్నారన్న మాట.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. రెండు కాగితాలను సన్నని గొట్టాలుగా చుట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వంకర లేకుండా దారంతో కట్టండి. ఒక జానెడు దూరంలో కలాన్ని నిలువుగా నిలబెట్టండి. పై గొట్టంలోంచి చూడండి. తర్వాత గొట్టాలను కదపకుండా తలను కొంచెం దించి కింది గొట్టంలోంచి చూడండి. కలంలో వేరు వేరు భాగాలు కనిపిస్తాయి. ఇప్పుడు అవే గొట్టాలతో బయటికి వచ్చి మల్లయ్యకొండను చూడండి. రెండింట్లోనూ అదే కొండ, అదే చోటు! చూసే చోటు మారితే దగ్గరి వస్తువు స్థానం మారినట్లు కనిపించడాన్ని పారలాక్స్ అంటారు. ప్రయోగశాలలో స్కేలును పక్కనుంచి చూస్తే కొలత తప్పు వస్తుందని మీ సైన్సు మాస్టారు హెచ్చరిస్తారు గదా, అదీ ఇదే.

లెక్క వేద్దాం. కిటికీ కటకానికి 5 సెం.మీ. పైన ఉందనుకోండి. రెండింటి చూపులూ సమాంతరం కాబట్టి ఆ 5 సెం.మీ. తేడా ఎంత దూరం పోయినా తగ్గదు, పెరగదు. మరి దగ్గరి ఫోటోయే ఎందుకు చెడుతుంది? కటకం నాభ్యంతరం 7 సెం.మీ., ఫిల్ము మీది చదరం వైపు 5.6 సెం.మీ. అనుకుందాం. సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం 1 మీటరు దూరంలో కెమెరాకు అందే మేర 80 సెం.మీ. అందులో 5 సెం.మీ. అంటే పదహారో వంతు. సరిగ్గా ఒక కొప్పు ఎత్తు! 4 మీటర్ల దూరంలో అందే మేర 320 సెం.మీ. ఇక్కడ అదే 5 సెం.మీ. అరవై నాలుగో వంతు మాత్రమే, కంటికి ఆనదు. రెండు కిలోమీటర్ల అవతలి కొండకైతే కెమెరాకు అందే మేర 1,600 మీటర్లు. అందులో 5 సెం.మీ. సంగతి అడగనే అక్కరలేదు. అందుకే పెళ్ళి గ్రూపు ఫోటోలో అందరి తలలూ భద్రంగా ఉంటాయి, అన్నప్రాసన ఫోటోలో బిడ్డ తల పోతుంది.

దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. గురి చూసుకున్నాక, కెమెరాను వంచకుండా 5 సెం.మీ. పైకెత్తి మీట నొక్కితే చాలు. ఇంతకుముందు కిటికీ ఉన్నచోటికి ఇప్పుడు కటకం వస్తుంది. ఖరీదైన కెమెరాల్లో ఈ పని యంత్రమే చేసేది. 1954లో జర్మనీలో వచ్చిన లైకా ఎం3 కెమెరాలో, దూరాన్ని సరిచేస్తుంటే కిటికీలో కనిపించే చట్రం గీతలే జరిగేవి.

ఇంత తిప్పలెందుకు, కన్ను కూడా కటకంలోంచే చూడకూడదా అని మీరడగవచ్చు. చూడవచ్చు. అన్నిటికంటే పాత పద్ధతి అదే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ఆ కాలపు పెద్ద కెమెరాల వెనుక గరుకు గాజు పలక ఉండేది. ఫోటోగ్రాఫరు తలమీద నల్లగుడ్డ కప్పుకొని, ఆ గాజుపై తలకిందులుగా పడిన ప్రతిబింబాన్ని చూసేవాడు. ఆ గాజు ఉన్నచోటికే ఫోటో పలకను తెచ్చేవాడు. చూసిన చోటు, తీసిన చోటు ఒక్కటే కాబట్టి పారలాక్స్ మాటే లేదు. కాని పలక పెట్టాక ఇక ఏమీ కనబడదు. ఈలోగా కూర్చున్నాయన తల తిప్పితే? అందుకే కదలవద్దు, కదలవద్దు అని అంత బతిమాలేవారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కటకంలోంచి వచ్చే వెలుగును కన్నుకు పంపితే ఫిల్ముకు ఉండదు, ఫిల్ముకు పంపితే కన్నుకు ఉండదు. కన్ను వేరే చోటు నుంచైనా చూడాలి, లేదా వేరే క్షణంలోనైనా చూడాలి. పైన ఒకటి, కింద ఒకటి రెండు కటకాలున్న రోలీఫ్లెక్స్ 1929లో వచ్చింది. తర్వాత జపానులో యాషికా కూడా అటువంటివి చేసింది. వాటిది మొదటి దారి. పైగా వాటిలో అద్దం వల్ల కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ నుంచి పరుగెత్తే పిల్లవాడు గాజు మీద కుడి నుంచి వస్తాడు!

ఒకే కటకం ఉండే ఎస్.ఎల్.ఆర్. కెమెరాది రెండో దారి. కటకం వెనుక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి పంపితే, పెంటాప్రిజం అనే పట్టకం దాన్ని సరిగా తిప్పి కన్నుకు చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం టపీమని పైకి లేస్తుంది. వెలుగు ఫిల్ముకు పోతుంది, కిటికీ చీకటవుతుంది. అంటే ఫోటో పడిన ఆ క్షణాన్ని తీసినవాడు మాత్రమే చూడలేదు! ఫ్లాషు మెరుపు కిటికీలో కనిపించిందంటే అది ఫిల్ముకు అందలేదని అనుమానించాల్సిందే. అద్దం లేవడానికి సెకనులో ఇరవయ్యో వంతు పట్టిందనుకుంటే, సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తే కుర్రవాడు ఈలోగా 30 సెం.మీ. ముందుకు పోతాడు. 1965లో కానన్ కంపెనీ పెల్లిక్స్ కెమెరాలో కదలని పలుచని అద్దం పెట్టి వెలుగును పంచి చూసింది. కిటికీ చీకటి కాలేదు గాని, ఫిల్ముకు మూడింట రెండు వంతుల వెలుగే దక్కింది. తెలివైన ఏర్పాటే, కాని వెలుగు విషయంలో ఉచితంగా ఏదీ రాదు.

ఇప్పటి సెల్‌ఫోనులో ఫిల్ము బదులు కాంతిని విద్యుత్తుగా మార్చే పలక ఉంటుంది. తెరకు బొమ్మను పంపేదీ, దాచేదీ అదే. మరి తగవు తీరినట్లేనా? పూర్తిగా తీరలేదు. ఆ విద్యుత్ సంకేతాలు బొమ్మగా మారి తెరకు చేరడానికి కొంచెం సమయం పడుతుంది. మీరు చూసేది గడిచిన క్షణాన్నే. దీన్ని సరిదిద్దడానికి కొన్ని ఫోన్లు ఎడతెగకుండా బొమ్మలు తీసి పెట్టుకొని, మీరు నొక్కకముందు తీసిన వాటిలో ఒకదాన్ని ఎంచి ఇస్తాయి.

దీన్నీ పరీక్షించండి. ఒక ఫోనులో స్టాప్‌వాచ్ నడిపించండి. రెండో ఫోను కెమెరాతో దాన్ని తెర మీద చూడండి. మూడో ఫోనుతో ఆ రెండింటినీ కలిపి ఫోటో తీయండి. రెండు తెరల మీది అంకెలు ఒకటిగా ఉండవు. అలాగే రెండు మూడు కటకాలున్న ఫోను దొరికితే, జానెడు దూరంలో చింతకాయ పెట్టి మెల్లగా జూమ్ చేయండి. ఒకచోట చింతకాయ ఉన్నట్టుండి పక్కకు గెంతుతుంది. ఫోను ఒక కటకం వదిలి పక్క కటకానికి మారిన క్షణమది. అవ్వ కొప్పును తీసుకుపోయిన పారలాక్స్ అదే. కొండ మీదికి గురిపెట్టి చేస్తే ఏమవుతుందో ముందే ఊహించి రాసుకొని, తర్వాత చేసి చూడండి.