జింకల కోసం గడ్డి సేద్యం

ఎండాకాలంలో మీ ఊరి పాడిగేదె ముందు రెండు మోపులు వేసి చూడండి. ఒకటి నిరుటి వరిగడ్డి. రెండవది చెరువుగట్టు మీద అప్పుడే కోసిన లేత గరిక. గేదె ఏ మోపు వైపు మెడ చాస్తుందో చెప్పడానికి సైన్సు చదవనక్కరలేదు. ఎందుకు చాస్తుందో చెప్పాలంటే మాత్రం సైన్సు కావాలి. ఆ "ఎందుకు"కు జవాబు తెలుసుకుని, దాని ప్రకారం నడుచుకున్నందువల్ల మన దేశంలో అంతరించిపోవలసిన ఒక జింక జాతి బతికి బట్టకట్టింది. ఆ సంగతే ఇప్పుడు తెలుసుకుందాం.

పన్నెండు కొనల కొమ్ములు

మధ్యప్రదేశ్‌లో మండ్లా, బాలాఘాట్ జిల్లాలలో కన్హా అనే పెద్ద అడవి ఉంది. 1955లో దానిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1973లో పులుల సంరక్షణ పథకం ప్రారంభమైనప్పుడు మొదట ఎంపికైన అడవులలో కన్హా ఒకటి. కొండవాలుల మీద గుగ్గిలం చెట్లు, లోయలలో విశాలమైన గడ్డిమైదానాలు దాని ప్రత్యేకత.

ఆ మైదానాలలో నివసించే జింక పేరు బారాసింగా. హిందీలో 'బారహ్' అంటే పన్నెండు, 'సింగ్' అంటే కొమ్ము. బాగా ఎదిగిన మగజింక కొమ్ములు రెండింటికీ కలిపి పన్నెండు లేక అంతకు మించిన కొనలు ఉంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని తరాయి ప్రాంతంలోనూ, అస్సాంలోనూ ఉండే బారాసింగాలు చిత్తడి నేలల్లో తిరుగుతాయి. వాటి గిట్టలు బురదలో దిగబడకుండా వెడల్పుగా విచ్చుకుంటాయి. కన్హాలోని రకం అలా కాదు. అది గట్టినేల మీద బతకడానికి అలవాటుపడింది. దాని గిట్టలు దగ్గరగా, బిగువుగా ఉంటాయి.

1938 ప్రాంతంలో కన్హాలో ఈ జింకలు సుమారు 3,000 ఉండేవని అంచనా. 1970లో లెక్కిస్తే తేలినవి 66! మీ పాఠశాలలో ఒక పెద్ద తరగతిలోని పిల్లలంత మంది మాత్రమే. ఈ రకం జింక ప్రపంచంలో మరెక్కడా మిగలలేదు. ఆ 66 పోతే జాతే పోయినట్లు.

అడవి ఉన్నా అన్నం లేదు

ఎందుకిలా జరిగింది? వేట ఒక కారణం. కాని వేట ఆపినంత మాత్రాన మందలు పెరగలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ షాలర్ 1963 నుండి 1965 వరకు కన్హాలో ఉండి జింకలనూ, పులులనూ పరిశీలించి 1967లో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. 1970 తర్వాత స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు క్లాడ్ మార్టిన్ ప్రత్యేకంగా బారాసింగాల మీదనే పరిశోధన చేశాడు. ఇటువంటి పరిశీలనల వల్ల గడ్డి సంగతి బయటపడింది.

చుక్కల దుప్పి గడ్డీ తింటుంది, ఆకులూ తింటుంది, రాలిన పూలూ కాయలూ తింటుంది. కణితి పొదల ఆకులు ఎక్కువగా తింటుంది. బారాసింగా మాత్రం దాదాపు పూర్తిగా గడ్డి మీదనే ఆధారపడుతుంది. గడ్డి లేకపోతే దానికి మరో కంచం లేదు.

గడ్డి దానికి అన్నమే కాదు, ఉయ్యాల కూడా. వానాకాలం చివరలో ఈనే తల్లి, పిల్లను ఎత్తయిన గడ్డిలో దాచి తాను మేతకు వెళుతుంది. పిల్ల కదలకుండా పడుకుంటుంది. నక్కకు, చిరుతకు కనబడకుండా కాపాడేది ఆ గడ్డే. ఊళ్ళ పశువులు మేసేసి, ఏటేటా నిప్పుపెట్టి కాల్చేసిన మైదానంలో ఎత్తయిన గడ్డి ఎక్కడినుండి వస్తుంది? పైనుండి చూస్తే అడవి పచ్చగానే ఉంది. బారాసింగాకు మాత్రం తిండీ లేదు, పిల్లను దాచుకునే చోటూ లేదు.

పొట్టలో వంటవాళ్ళు

ఇప్పుడు మన గేదె దగ్గరకు వద్దాం. జింక కూడా గేదెలాగే నెమరువేసే జంతువు. దాని పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. మొదటి పెద్ద గదిలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురముంటాయి. గడ్డిలోని పీచుపదార్థాన్ని జింక స్వయంగా జీర్ణం చేసుకోలేదు. ఆ పని చేసిపెట్టేవి ఈ సూక్ష్మజీవులే. అవి జింక ఇంటి వంటవాళ్ళన్నమాట.

వంటవాళ్ళకూ జీతం ఇవ్వాలి కదా! ఆ జీతం నత్రజని. అది మాంసకృత్తుల రూపంలో మేతలో అందాలి. ఎండిన మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులు మందగిస్తాయి. అప్పుడు తిన్నది జీర్ణంకాక పొట్టలోనే నిలిచిపోతుంది. కడుపు నిండుగా ఉన్నా జింక చిక్కిపోతుంది. లేత గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ. గింజ రాల్చి ఎండిపోయిన గడ్డిలో పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. గేదె గరిక వైపు మెడ చాచడంలోని రహస్యం ఇదే.

ఇక లెక్క చూడండి. 50 కిలోల దుప్పికి రోజుకు సుమారు ఒక కిలో నుండి ఒకటిన్నర కిలోల ఎండుమేత విలువగల తిండి కావాలి. పచ్చిగడ్డిలో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి, పచ్చిగడ్డి అయితే నాలుగు నుండి ఆరు కిలోలు. వంద దుప్పుల మందకు రోజుకు అరటన్ను! దీనిని ఏ బండిలోనూ తోలి పంచలేము. అడవి తానే పండించుకోవాలి.

కొరికినా పెరిగే మొక్క

గడ్డికి ప్రకృతి ఒక చక్కని సౌకర్యం ఇచ్చింది. టేకు మొక్క చిగురు తుంచితే దాని పెరుగుదల కుంటుపడుతుంది. ఎందుకంటే దాని పెరిగే భాగం కొనలో ఉంటుంది. గడ్డిలో పెరిగే భాగం నేలకు దగ్గరగా, ఆకు మొదట్లో ఉంటుంది. జింక కొనలు కొరికినా మొదలు భద్రం. కొద్ది రోజులలో మళ్ళీ లేత ఆకు వస్తుంది. అందుకే మేసిన చోట మళ్ళీ మేతకు జింకలు వస్తాయి.

కాని దేనికైనా హద్దు ఉంది. ఊపిరి తీసుకోనివ్వకుండా మేపితే వేళ్ళలో దాచిన పిండిపదార్థం ఖర్చయిపోయి మంచి గడ్డి చస్తుంది. ఖాళీ అయిన చోటును లాంటానా, తగిరిస, వయ్యారిభామ వంటి పశువులు ముట్టని మొక్కలు ఆక్రమిస్తాయి. మరోవైపు, అసలు ఎవరూ మేయకపోతే, కోయకపోతే మైదానంలోకి పొదలూ చెట్లూ దిగి అది అడవిగా మారిపోతుంది. అంటే గడ్డిమైదానానికి రైతు చేనులాగే కాపలా కావాలి, కలుపుతీత కావాలి.

కన్హాలో ఏం చేశారు?

అప్పట్లో మండ్లా జిల్లా కలెక్టరుగా ఉన్న ఎం.కె. రంజిత్‌సింహ్ ఈ జింక విషయంలో ఎంతో శ్రద్ధ వహించారు. అస్సాం బారాసింగా ఉపజాతికి 1982లో శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. ఉద్యానవనం లోపలి కొన్ని గ్రామాలను బయటకు తరలించారు. సోంఫ్ అనే ఊరు ఉన్న చోటు నేడు బారాసింగాలు మేసే మైదానం. ఇక్కడ ఒక మాట మరువరాదు. ఆ ఊళ్ళలో ఉన్నవారు ఎక్కువగా బైగా, గోండు కుటుంబాలవారు. మన ఆదిలాబాదు అడవులలోనూ గోండులు ఉన్నారని మీకు తెలుసు. జింకకు దొరికిన మైదానం వారు విడిచిన పొలమే. ఆ మైదానాన్ని జాగ్రత్తగా చూసుకోవలసిన బాధ్యత అందువల్ల మరింత పెరిగింది.

పాత పొలాలలో గడ్డి మొలిచింది. కలుపుమొక్కలను గింజ రాలకముందే పీకించారు. మైదానమంతా ఒకేసారి కాల్చే పద్ధతిని కట్టడి చేశారు. నీటి కోసం కుంటలు తవ్వించారు. క్రూరమృగాలు చొరబడకుండా కంచె వేసి, లోపల కొన్ని జింకలను పెంచి, సంతతి పెరిగాక బయటకు వదిలారు.

ఒకసారి కాలిస్తే లేత పచ్చిక వస్తుంది కదా, తప్పేమిటి అని మీరడగవచ్చు. లేత పచ్చిక వచ్చేమాట నిజమే. దాని కోసం దుప్పులు గుంపులుగా వస్తాయి. అవి పొట్టిగడ్డిని ఇష్టపడతాయి. అవి మేసేకొద్దీ గడ్డి మరింత పొట్టిగా, పరుపులా తయారవుతుంది. దుప్పి అక్కడ సుఖంగా ఉంటుంది. బారాసింగాకు మాత్రం రెల్లు, దర్భ వంటి ఎత్తుగడ్డి మిగలాలి. కనుక ఒక ముక్క కోయాలి, పక్కముక్క వదలాలి. మరుసటి ఏడు మార్చాలి. మేత పెంచడమంటే ఒకే వంట వండి అందరినీ కూర్చోబెట్టడం కాదు. వచ్చే అతిథులెవరో, ఎవరు ఏమి తింటారో తెలిసి వడ్డించడం.

ఫలితం? నేడు కన్హాలో బారాసింగాలు వెయ్యికి పైగా ఉన్నాయి. 2015లో కొన్నింటిని సాత్పురా అడవులకు తరలించారు. ఒకేచోట ఉంటే ఒక్క అంటువ్యాధితో అన్నీ పోయే ప్రమాదం ఉంది కదా!

గడ్డి నుండి పులి దాకా

ఒక పులికి ఏడాదికి దాదాపు 50 జింకలంత వేట కావాలని శాస్త్రజ్ఞుల అంచనా. మంద తరిగిపోకుండా అన్ని ఇవ్వాలంటే సుమారు 500 జంతువులు మేస్తూ ఉండాలి. అందుకే మన కవ్వాల్, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలలోనూ అటవీశాఖవారు గడ్డిక్షేత్రాలు పెంచుతున్నారు. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక అని మీకు తెలిసే ఉంటుంది. ఆహారపు గొలుసులో మొదటి లంకె తెగితే చివరి లంకె నిలవదు.

కొండదారుల్లో జింకలు కనబడితే కొందరు బిస్కట్లు, అన్నం, మొక్కజొన్న విసురుతారు. అది జాలి కావచ్చు గాని మేలు కాదు. పిండిపదార్థం ఒక్కసారిగా పొట్టలో పడితే ఒక రకం సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి ఆమ్లం తయారుచేస్తాయి. పీచును అరిగించే వంటవాళ్ళు ఆ ఆమ్లానికి చచ్చిపోతారు. జింక ప్రాణానికే ముప్పు. పైగా తిండి కోసం జింకలు రోడ్డు పక్కకు చేరితే వాటి వెనుకే చిరుత కూడా వస్తుంది.

మీరూ చేసి చూడండి

వానాకాలంలో పశువులు మేసే బీడులో, పెద్దల అనుమతి తీసుకుని, గడ్డి ఒకే విధంగా ఉన్న రెండు చోట్లు ఎంచుకోండి. రెంటినీ మీటరు పొడవు, మీటరు వెడల్పు కొలవండి. ఒకదాని చుట్టూ నాలుగు గుంజలు పాతి ముళ్ళకంప కట్టండి. రెండవదానికి మూలల్లో గుర్తు రాళ్ళు మాత్రం పెట్టండి. నెల తర్వాత రెండు చోట్లా గడ్డిని నేలకు రెండు వేళ్ళ ఎత్తున కోసి, విడివిడిగా బాగా ఎండబెట్టి తూచండి. రెండు బరువుల తేడా పశువులు మేసిన మేతకు ఉజ్జాయింపు. మేసిన తర్వాత మళ్ళీ పెరిగిన గడ్డి కూడా ఉంటుంది కనుక అది కచ్చితమైన లెక్క కాదు. అందుకే శాస్త్రజ్ఞులు కంచెను తరచుగా చోటు మారుస్తారు. ఏ చోట ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో కూడా లెక్కించి నోటుపుస్తకంలో రాయండి.

రెండు నెలలు ఇలా చేశారంటే కాలికింద పడి ఉండే గడ్డిలో ఎంత లెక్క ఉందో మీకే తెలుస్తుంది. కన్హాలో 66ను వెయ్యి దాటించింది ఆ లెక్క తెలిసినవారే.