విద్యార్థి చిత్రానికి తోటి కళాకారులను ఎంచుకోవడం

పరిచయం

ఇంతవరకు మీరు ఒక చిన్న కథను దృశ్యాలుగా విడగొట్టి రాయడం నేర్చుకున్నారు. ఆ కాగితాలు తెరమీద బొమ్మ కావాలంటే మీరొక్కరే చాలరు. కెమెరా పట్టేవారు, శబ్దం రికార్డు చేసేవారు, నటించేవారు, చివరికి అన్నింటినీ కత్తిరించి కూర్చేవారు కావాలి. "నాకు సినిమావాళ్ళెవరూ తెలియదే!" అని మీకు అనిపించవచ్చు. ఆ సందేహంతోనే ఈ పాఠం మొదలుపెడదాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తోటివారిని ఎక్కడ వెతకాలో చెప్పగలుగుతారు;
• పని మొదలుపెట్టక ముందు మాట్లాడుకోవలసిన విషయాలను గుర్తించగలుగుతారు;
• అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఏం చేయాలో వివరించగలుగుతారు.

1. ఒక ఉదాహరణ

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' తీయడం మొదలుపెట్టినప్పుడు కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగి. అంతకుముందు ఒక్క సినిమా కూడా తీయలేదు. మరి ఆయనకు తోటివారు ఎక్కడ దొరికారు?

1947లో ఆయన మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా ఆ మిత్రులలో ఒకరు. ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ 'ది రివర్' చిత్రాన్ని బెంగాల్‌లో తీస్తున్నప్పుడు, సుబ్రత మిత్ర అనే యువకుడు రోజూ వెళ్ళి చూస్తూ, దీపాలు ఎక్కడ పెడుతున్నారో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అతను అంతవరకు సినిమా కెమెరా నడిపి ఎరుగడు. అయినా రాయ్ అతనికే కెమెరా అప్పగించారు. అపూ పాత్రకు తగిన పిల్లవాడి కోసం పత్రికలో ప్రకటన ఇచ్చినా లాభం లేకపోయింది. చివరికి ఆ బాలుడు పొరుగున ఆడుకుంటూ రాయ్ భార్య కంటబడ్డాడు.

1952 అక్టోబరులో మొదలైన చిత్రీకరణ డబ్బులేక మధ్యలో ఆగిపోయింది. తరువాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ధనసహాయం చేసింది. చిత్రం 1955లో విడుదలయింది. అన్నాళ్ళు ఆ బృందం విడిపోలేదు. పేరున్నవారి కోసం కాక, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారి కోసం రాయ్ చూశారని మీరు గమనించే ఉంటారు.

2. మీరు ఎక్కడ వెతకాలి?

మీ చుట్టూ ఒకసారి చూడండి. పెళ్ళిళ్ళకు వీడియో తీసే వ్యక్తికి వెలుతురు సంగతి తెలుసు. ఊళ్ళో నాటకాలు వేసేవారికి సంభాషణ పలకడం తెలుసు. భజన బృందంలో హార్మోనియం వాయించే ఆమె మీ చిత్రానికి సంగీతం సమకూర్చవచ్చు. మీ అధ్యయన కేంద్రంలో ఫోనుతోనే వీడియోలు కూర్చే తోటి అభ్యాసకులు ఉండవచ్చు.

మాటలనుబట్టి మాత్రమే ఎవరినీ ఎంచుకోకండి. రెండు నిమిషాల దృశ్యం ఒకటి కలిసి తీసి చూడండి. ఎవరు వేళకు వస్తారో, ఎవరు ఇతరుల మాట వింటారో ఆ ఒక్క పూటలోనే మీకు తెలిసిపోతుంది.

3. ముందే మాట్లాడుకోండి

మీ బృందంలో చాలామంది కూలికో, దుకాణానికో, ఉద్యోగానికో వెళ్ళేవారే. మీకోసం ఒక రోజు వస్తే వారికి ఆ రోజు సంపాదన పోతుంది. కాబట్టి "రండి, సినిమా తీద్దాం" అంటే సరిపోదు. ఈ విషయాలు ఒక కాగితం మీద రాసి, అందరికీ తలా ఒక ప్రతి ఇవ్వండి:

(అ) ఎన్ని రోజులు, ఏ వేళల్లో పని ఉంటుంది?
(ఆ) భోజనం, బస్సు ఖర్చులు ఎవరివి?
(ఇ) డబ్బు ఇవ్వగలరా, లేదా? ఇవ్వలేకపోతే ఆ మాట ముందే చెప్పండి.
(ఈ) తెరమీద ఎవరి పేరు ఏ పని కింద వస్తుంది?
(ఉ) పూర్తయిన చిత్రం ప్రతి అందరికీ అందుతుందా?

పిల్లలు నటిస్తే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, వారి బడి మాన్పించకండి. పని ఆలస్యమైతే అందరూ క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటు మీదే.

4. అభిప్రాయభేదం వస్తే

'అపరాజితో' (1956) చిత్రానికి కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో కట్టాలని రాయ్, చంద్రగుప్తా అనుకున్నారు. పైకప్పులేని ముంగిలిలో పడే మెత్తని వెలుతురు స్టూడియోలో రాదని సుబ్రత మిత్ర వాదించారు. ఆయన మాట నెగ్గలేదు. అయినా ఆయన అలిగి వెళ్ళిపోలేదు. సెట్టు మీద తెల్లని గుడ్డ పరిచి, దీపాల వెలుతురు దానిమీద పడి తిరిగి కిందికి ప్రసరించేటట్లు చేశారు. ఆ పద్ధతి ఆ చిత్రానికే వన్నె తెచ్చింది.

కాదన్నవారిని దూరం చేసుకోకండి. ఎందుకు కాదంటున్నారో అడగండి. వారు చెప్పిన కారణంలోనే మీరు చూడని లోపం ఉండవచ్చు. దర్శకునిగా చివరి నిర్ణయం మీదే అయినా, అందరి మాటా విన్న తరువాతనే నిర్ణయించండి.

పాఠంలోని ప్రశ్నలు

1. సుబ్రత మిత్రకు అనుభవం లేకపోయినా కెమెరా అప్పగించడానికి ఏ గుణం కారణమై ఉంటుంది?
2. డబ్బు ఇవ్వలేమన్న సంగతి ముందే ఎందుకు చెప్పాలి?

కృత్యం

మీకు తెలిసిన ఐదుగురి పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా వారికి వచ్చిన పని ఒకటి, వారికి వీలైన వేళ రాయండి. ఈ వారంలో వారిలో ఒకరిని కలిసి మీ కథ చెప్పండి. వారు అడిగిన మొదటి ప్రశ్నను పుస్తకంలో రాసుకోండి. తరువాతి పాఠానికి అది మీకు అవసరమవుతుంది.