తలుపు తట్టే మర్యాద: బ్రౌజర్ల పరీక్షా వెర్షన్లలో వచ్చిన ఒక మార్పు

ఏదైనా ఒక వెబ్‌సైటు తెరవగానే, అందులోని మొదటి వాక్యమైనా చదవకముందే, "నోటిఫికేషన్లు పంపడానికి అనుమతిస్తారా?" అంటూ ఒక చిన్న పెట్టె అడ్డుగా నిలుస్తుంది. నమాజు వేళల పట్టిక కోసం వెదికినా, పిల్లల పరీక్షా ఫలితాల కోసం వెదికినా ఇదే ప్రశ్న. తొందరలోనో, అర్థం కాకనో 'అలౌ' మీద వేలు పెట్టామంటే ఆ సైటుకు మన ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. దాన్ని మూసేసినా అది మనల్ని వదలదు. "మీ ఫోనులో వైరస్ ప్రవేశించింది", "మీకు బహుమతి తగిలింది" అంటూ వేళాపాళా లేకుండా పెద్దవారి ఫోన్లలో మోగే సందేశాలు ఎన్నో ఇలా ప్రవేశించినవే. వాటిని నమ్మి లింకు నొక్కినవారు డబ్బు పోగొట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

ఒకరి గడపలోకి అడుగుపెట్టే ముందు అనుమతి కోరడం మన ధర్మం ఎంతో వివరంగా నేర్పిన విషయం. సలాం చెప్పి, అనుమతి పొందిన తరువాతనే ఇతరుల ఇళ్లలోకి వెళ్లాలని, వెనక్కి వెళ్లమంటే వెళ్లిపోవాలని సూరె నూర్ 27, 28 ఆయతులు ఆదేశిస్తున్నాయి. అదే సూరాలోని 58వ ఆయతు ఇంకా ముందుకు వెళ్లి, ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి సమయంలో, ఇషా తరువాత ఇంట్లోని చిన్నపిల్లలు సైతం అనుమతి తీసుకునే లోపలికి రావాలంటోంది. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) వాకిట మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవడంతో తిరిగి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లిపోయావని అడిగితే, దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి అదేనని విన్నవించారు. దానికి సాక్షిని తెమ్మని ఉమర్ (రజి) కోరగా, అన్సారుల సమావేశం నుంచి హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యమిచ్చారు. ఖలీఫా వాకిలి దగ్గరైనా హద్దు మూడుసార్లే.

ఈ దృష్టితో చూసినప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2019లో చేసిన ఒక ప్రయోగం మాకు ఎంతో ఆసక్తికరంగా తోచింది. బ్రౌజరు తయారీదారులు ఏ మార్పునైనా నేరుగా అందరి మీదా రుద్దరు. ఫైర్‌ఫాక్స్‌లో మొదట 'నైట్లీ', ఆ తరువాత 'బీటా', చివరికి అందరూ వాడే వెర్షన్ అనే మెట్లుంటాయి. క్రోమ్‌లోనైతే మొదటి మెట్టు పేరు 'కెనరీ'. విషవాయువును ముందుగా పసిగట్టడానికి పూర్వం బొగ్గు గనుల్లోకి తీసుకెళ్లిన చిన్న పక్షి పేరది.

ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ ముందుగా లెక్కలు తీసింది. 2018 డిసెంబరు 25 నుంచి ఒక నెల రోజుల్లో ఫైర్‌ఫాక్స్ బీటాలో నోటిఫికేషన్ అనుమతి పెట్టెలు సుమారు 1 కోటీ 80 లక్షలసార్లు తెరమీదికి వచ్చాయి. వాటిలో జనం 'సరే' అన్నవి నూటికి 3 కూడా లేవు. దాదాపు 19 శాతం సందర్భాల్లో పెట్టె కనబడగానే సైటునే వదిలి వెళ్లిపోయారు. అదే కెమెరా, మైకు కోసం అడిగినప్పుడు సుమారు 85 శాతం అంగీకరించారు. ఈ తేడాయే అసలు విషయం చెబుతోంది. బిడ్డతో వీడియోలో మాట్లాడబోయే తల్లికి కెమెరా ఎందుకు అడుగుతున్నారో తెలుసు. ముక్కూ మొహం తెలియని సైటు గడపలోనే నిలదీసి అడిగితే ఏమని జవాబిస్తాం?

2019 ఏప్రిల్‌లో నైట్లీలో కొత్త నియమం పెట్టి చూశారు. వాడుకరి ఆ పేజీలో ఏదో ఒకటి నొక్కేవరకు సైటు అనుమతి అడగరాదు. మొదటి రెండు వారాలు అడిగిన సంగతే కనబడనివ్వలేదు. తరువాతి రెండు వారాలు చిరునామా పట్టీలో ఒక చిన్న గుర్తు మాత్రం చూపారు. ఫలితాలు చూశాక, 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 72తో ఈ పద్ధతి అందరికీ అమలైంది. ఇష్టమున్నవారు ఆ గుర్తును నొక్కి అనుమతి ఇవ్వవచ్చు, లేనివారికి అడ్డంకి లేదు. గుమ్మానికి ఎదురుగా కాక ఒక పక్కన నిలబడి సలాం చెప్పే సంప్రదాయం గుర్తుకొచ్చింది మాకు.

మరుసటి నెలలోనే క్రోమ్ 80 కూడా అటువంటి 'నిశ్శబ్ద' పద్ధతిని తెచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ ఇంకో అడుగు వేసింది. క్రోమ్‌లో వచ్చే వెబ్ నోటిఫికేషన్లలో నూటికి ఒకదానినైనా జనం పట్టించుకోవడం లేదని చెబుతూ, కొంతకాలంగా మనం వెళ్లని సైట్లకు ఇచ్చిన అనుమతిని బ్రౌజరే రద్దు చేసే ఏర్పాటును ప్రకటించింది. ఇదంతా ధర్మచింతనతో చేశారని మేమనడం లేదు. విసిగిన జనం బ్రౌజరు మార్చేస్తారన్న భయమూ ఉండే ఉంటుంది. మేలు ఎవరి వైపు నుంచి వచ్చినా మేలే.

పరీక్షా వెర్షన్ల మీద మోజుపడే యువకులకు ఒక మాట. ప్లే స్టోరులో క్రోమ్ బీటా, ఫైర్‌ఫాక్స్ నైట్లీ ప్రత్యేక యాప్‌లుగా దొరుకుతాయి, అసలు బ్రౌజరు పక్కనే ఉంచుకోవచ్చు. అయితే అవి ఉన్నట్టుండి ఆగిపోగలవు. పైగా నైట్లీ మన వాడకం వివరాలను తనంతట తానే మొజిల్లాకు పంపుతుంది. బ్యాంకు లావాదేవీలకు, అమ్మానాన్నల ఫోన్లకు అవి తగవు.

అమ్మానాన్నల ఫోన్లలో చేయవలసిన పని వేరే ఉంది. క్రోమ్ తెరిచి పైనున్న మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అనే వరుసలో వెళ్లండి. అనుమతి పొందిన సైట్ల పేర్లు అక్కడ కనబడతాయి. వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పేరూ చదివి వినిపించండి. వారు గుర్తుపట్టలేని ప్రతి పేరునూ అక్కడికక్కడే తొలగించండి. ఈ జుమా మధ్యాహ్నం పది నిమిషాలు చాలు.